ఇంటికి వైర్‌లెస్ కెమెరాలు: కొనేముందు, బిగించేటప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

కెమెరా కొని, గోడకి బిగించి, ఫోన్లో బొమ్మ కనిపించగానే పని అయిపోయిందనుకుంటాం. కానీ దాని అవసరం నిజంగా పడేది ఎవరో గేటు దూకిన మర్నాడు పొద్దున, ఆ రెండు నిమిషాల వీడియో కోసం వెతుక్కునేటప్పుడు. ఆ వీడియో ఉండాలి, అందులో మనిషి మొహం ఆనవాలు పట్టేలా ఉండాలి. చాలా ఇళ్లలో ఈ రెండిట్లో ఒకటి తప్పిపోతుంది, కారణం దాదాపు ఎప్పుడూ కెమెరా కంపెనీ కాదు, దాన్ని పెట్టిన చోటు, అక్కడికి అందే వైఫై, అందే కరెంటు. అందుకే ఈ జవాబుల్లో వాటి గురించే ఎక్కువ ఉంటుంది.

ఏ కెమెరా కొనాలో ఒక్క మాటలో చెప్పేయొచ్చుగా?

ముందు ఒక కాగితం మీద ఇంటి చుట్టూ గీత గీయండి. గేటు, వీధి గుమ్మం, పెరటి తలుపు, మెట్లు, బండి పెట్టే చోటు, ఎక్కి దిగడానికి వీలున్న పిట్టగోడ, ఇవన్నీ గుర్తు పెట్టండి. ఒక్కో చోట మీకు ఏం తెలియాలి అని అడగండి. వచ్చిందెవరో మొహం చూసి తెలియాలా? ఎవరో వస్తున్నారని తెలిస్తే చాలా? లేక అంతా మామూలుగా ఉందా లేదా అన్నది అప్పుడప్పుడూ చూసుకోవాలా? గుమ్మం దగ్గర మొదటిది కావాలి, పెరట్లో రెండోది సరిపోతుంది, లోపల హాల్లో మూడోది.

ఆ తర్వాత ప్రతి గుర్తు పక్కనా ఇంకో రెండు సంగతులు రాయండి, అక్కడ ప్లగ్గు ఉందా, అక్కడ నిలబడితే ఫోన్లో వైఫై ఎలా వస్తోంది. ఈ కాగితం చేతిలో ఉంటే షాపులో సగం కెమెరాలు వాటంతట అవే పక్కకి పోతాయి. చాలామంది నాలుగు కెమెరాల సెట్టు కొనేసి, తర్వాత వాటికి చోటు వెతుకుతారు. ముందు చోటు తేల్చుకోండి, అప్పుడు ఎన్ని కావాలో మీకే తెలుస్తుంది. చిన్న ఇంటికి మంచి చోట్లలో పెట్టిన రెండు చాలు.

వైర్‌లెస్ అంటే అసలు వైరే ఉండదా?

వీడియో వెళ్లడానికి వైరు ఉండదు, అంతే. వైఫై కెమెరాల్లో చాలా వాటికి కరెంటు వైరు కావాల్సిందే. బ్యాటరీతో నడిచేవి మాత్రమే పూర్తిగా వైరు లేనివి. డబ్బా మీద పెద్దక్షరాల్లో వైర్‌లెస్ అని చూసి కొని, లోపల అడాప్టర్ కనిపించాక కంగుతినేవాళ్లు చాలామంది. కొనేముందు ఈ ఒక్క సంగతి చూసుకోండి.

బ్యాటరీది తీసుకోవాలా, ప్లగ్గుది తీసుకోవాలా?

ప్లగ్గు పెట్టగలిగిన చోటల్లా ప్లగ్గుదే తీసుకోండి. ఇది నా గట్టి అభిప్రాయం. బ్యాటరీ కెమెరా చాలావరకు నిద్రపోతూ ఉంటుంది, ఎదురుగా వేడి వస్తువు కదిలిందని లోపలున్న సెన్సర్ చెబితే లేచి రికార్డింగ్ మొదలుపెడుతుంది. ఆ లేవడానికి ఒకటి రెండు సెకన్లు పట్టినా, వేగంగా నడిచేవాడు అప్పటికే సగం దాటిపోతాడు, మీకు దొరికేది వీపు. ప్లగ్గుది అలా కాదు, అదెప్పుడూ మేలుకునే ఉంటుంది, రోజంతా రికార్డు చేయగలదు, కదలిక మొదలవడానికి ముందు సెకన్లు కూడా ఇవ్వగలదు.

ఇంకో సంగతి. "ఆరు నెలలు వస్తుంది" అని బ్యాటరీ గురించి రాసేది రోజుకి కొన్ని క్లిప్పులే రికార్డవుతాయన్న లెక్క మీద. జనం తిరిగే వీధి వైపు పెడితే రోజుకి వందసార్లు లేస్తుంది, అప్పుడు ఆ ఆరు నెలలు కొన్ని వారాలకి పడిపోతాయి. బాగా ఎండ తగిలే గోడ మీద వేడికి లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జింగ్ పెడితే పాడవుతుంది. చిన్న సోలార్ పలక ఉన్నవి ఈ కష్టాన్ని చాలావరకు తీరుస్తాయి కానీ, దానికి రోజూ కొన్ని గంటలు నేరుగా ఎండ తగలాలి, చెట్టు నీడలో పెడితే ఉపయోగం లేదు.

అద్దె ఇల్లు, గోడకి కన్నం పెట్టకూడదు, గేటు దగ్గర ప్లగ్గు లేదు, ఇలాంటప్పుడు బ్యాటరీదే దారి. అలాంటప్పుడు రెండు బ్యాటరీలు ఉండి, ఒకటి తీసి ఇంకోటి వేసుకునే మోడల్ అయితే ఛార్జింగ్ పెట్టినంతసేపు గోడ మీద ఖాళీ ఉండదు.

మా వైఫై గేటు దాకా అందుతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

కెమెరా కొనకముందే తెలుసుకోవచ్చు. ఫోన్ పట్టుకుని సరిగ్గా కెమెరా బిగించే చోటికి వెళ్లండి, మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీద స్పీడ్ టెస్ట్ చేయండి. ఆగండి, డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్ అంకె చూడండి, ఎందుకంటే కెమెరా పంపేది అప్‌లోడ్ దారిలోనే. తలుపులన్నీ వేసి ఇంకోసారి చేయండి. రాత్రి అందరూ వీడియోలు చూసే వేళ మరోసారి.

సిగ్నల్ కొలిచే ఉచిత యాప్‌లు ఆండ్రాయిడ్‌లో చాలా ఉన్నాయి. వాటిలో మైనస్ అంకె ఒకటి కనిపిస్తుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 దగ్గర అద్భుతం, మైనస్ 67 దాకా పర్వాలేదు, మైనస్ 75 దాటితే ఆ చోట కెమెరా మిమ్మల్ని ఏడిపిస్తుంది. అది కెమెరా తప్పు కాదు, ఇంకో కెమెరా కొన్నా అలాగే ఉంటుంది.

వైఫైలో రెండు బ్యాండ్లు ఎక్కువగా వాడతాం. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మది కానీ గోడలు దాటి దూరం వెళ్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడలకి త్వరగా నీరసించిపోతుంది. చాలా కెమెరాలు 2.4 మీద మాత్రమే పనిచేస్తాయి, బయట పెట్టేవాటికి అదే మంచిది కూడా. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లు కూడా అదే బ్యాండ్‌లో కొట్టుకుంటుంటే, రౌటర్ సెట్టింగుల్లో ఛానల్‌ని 1, 6, 11 ఈ మూడిట్లో ఖాళీగా ఉన్నదానికి మార్చండి, ఒకదాని మీద ఒకటి పడనివి ఆ మూడే.

ఇనప తలుపు, ఇనప ఊచలు వేసిన కాంక్రీటు గోడ, నీళ్ల ట్యాంకు, పెద్ద అద్దం, ఇవి సిగ్నల్‌ని బాగా అడ్డుకుంటాయి. రౌటర్ని టీవీ వెనక నుంచి తీసి కిటికీ పక్కన ఎత్తులో పెడితేనే చాలా ఇళ్లలో సమస్య తీరిపోతుంది. అప్పటికీ చాలకపోతే మెష్ రౌటర్ వైపు వెళ్లండి, అంటే ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టిన పెట్టెలు కలిసి ఒకే వైఫైగా పనిచేసేది. సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంపే చవక ఎక్స్‌టెండర్లలో చాలావరకు ఒకే రేడియోతో విని, మళ్లీ దాంతోనే పంపుతాయి, అందువల్ల వేగం సగానికి పడిపోతుంది. ఒక్క కెమెరాకైతే సర్దుకోవచ్చు, మూడు నాలుగింటికి కుదరదు.

1080పీ చాలా, 4కే కావాలా?

ఈ ప్రశ్నకి లెక్క ఉంది, షాపువాళ్లు సాధారణంగా చెప్పరు. ముక్కూ మొహం తెలియని మనిషిని వీడియో చూసి నమ్మకంగా ఆనవాలు పట్టాలంటే, అతను నిలబడ్డ చోట ఒక మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు) పడాలన్నది నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 తన 2014 నాటి రూపంలో చెప్పిన కొలత. తెలిసినవాడే, ఇతను ఫలానా అని పోల్చుకోవడానికి 125 చాలు. ఎవరో మనిషి ఉన్నాడని తెలియడానికి 25 సరిపోతాయి.

ఇప్పుడు 1080పీ కెమెరా తీసుకోండి. అడ్డంగా 1920 పిక్సెళ్లు. 250తో భాగిస్తే 7.7 మీటర్లు. అంటే కెమెరాకి కనిపించే వెడల్పు 7.7 మీటర్లు దాటిన చోటి నుంచి కొత్త మొహం ఆనవాలు అనుమానమే. ఇంట్లో వాడే వైడ్ లెన్సుల్లో చాలావాటి కోణం 110 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆ కోణంలో 7.7 మీటర్ల వెడల్పు వచ్చేసేది కెమెరాకి కేవలం 2.7 మీటర్ల దూరంలోనే! గేటు 8 మీటర్ల అవతల ఉంటే, గేటు దగ్గరున్న మనిషి బొమ్మలో బొటనవేలంత ఉంటాడు, పెద్దది చేస్తే మసకే. 4కే తీసుకుంటే అడ్డంగా 3840 పిక్సెళ్లు, దూరం రెట్టింపై 5.4 మీటర్లు అవుతుంది. అదే 1080పీలో 50 డిగ్రీల ఇరుకు కోణం లెన్స్ ఉన్నది తీసుకుంటే, 8 మీటర్ల దాకా పనికొస్తుంది.

కాబట్టి గేటు మొహాలు కావాలంటే 4కే కోసం ఎగబడనక్కర్లేదు. ఇరుకు కోణం కెమెరా ఒకటి గేటు మీదకి తిప్పండి, లేదా కెమెరానే గేటు దగ్గరికి తీసుకెళ్లండి. "ఎంత ఎక్కువ కోణం కనిపిస్తే అంత మంచిది" అన్న మాట వల్లే ఇళ్లలో పనికిరాని వీడియోలు ఇన్ని తయారవుతున్నాయని నాకు అనిపిస్తుంది. ఈ లెక్క పగటి వెలుతురుకి అని కూడా గుర్తుంచుకోండి, రాత్రి దూరం ఇంకా తగ్గుతుంది.

సెకనుకి ఎన్ని ఫ్రేములు అన్నది పెద్దగా పట్టించుకోకండి, 15 ఉంటే ఇంటికి చాలు. గుమ్మంలోంచి వెలుగు వెనకగా పడే చోట మాత్రం డబ్ల్యూడీఆర్ అనే సదుపాయం ఉందో లేదో చూడండి, అది లేకపోతే వచ్చినవాడు నల్లటి నీడలా పడతాడు.

ఎంత ఎత్తులో బిగించాలి?

రెండున్నర నుంచి మూడు మీటర్లు. అంతకన్నా కిందైతే చేత్తో లాగేస్తారు, పైనైతే నడినెత్తి తప్ప ఇంకేమీ కనిపించదు, టోపీ పెట్టుకుంటే అది కూడా లేదు. మొదటి అంతస్తు చూరు కింద పెట్టిన కెమెరా ఇంటి ముందంతా చూపిస్తుంది కానీ మొహం ఇవ్వదు. కాలింగ్ బెల్లుతో కలిసిన కెమెరా మీటరుంపావు ఎత్తులో ఉంటుంది కాబట్టి మొహానికి దాన్ని మించింది లేదు, ఒక్కటే కొనగలిగితే నేను అదే కొనమంటాను.

బ్యాటరీ కెమెరాల్లో ఉండే వేడి సెన్సర్‌కి ఒక గుణం ఉంది. దాని ముందునుంచి అడ్డంగా దాటేవాళ్లని అది బాగా పట్టుకుంటుంది, నేరుగా దాని వైపు నడిచొచ్చేవాళ్లని ఆలస్యంగా పట్టుకుంటుంది. అందుకని నడిచే దారికి ఎదురుగా కాక కొంచెం పక్కగా, దారి అడ్డంగా పడేలా పెట్టండి. విపరీతమైన ఎండల్లో బయటి వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరవుతుంది, అప్పుడు ఈ సెన్సర్లు కొంత మందగిస్తాయి, ఆ రోజుల్లో సున్నితత్వం పెంచుకోవాలి.

డ్రిల్లింగ్ చేసేముందు కెమెరాని కర్రకో నిచ్చెనకో టేపుతో కట్టి ఒక రాత్రీ ఒక పగలూ నడిపి చూడండి. కన్నం పెట్టాక చోటు మార్చడం ఎవరికీ ఇష్టముండదు, నచ్చకపోయినా అలాగే వదిలేస్తారు.

రాత్రి బొమ్మంతా తెల్లగా పొగలా వస్తోంది, ఎందుకు?

రాత్రి కెమెరా తన చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగిస్తుంది. ఆ వెలుగు దగ్గర్లో ఏ వస్తువుకి తగిలినా తిరిగి లెన్సులోకే కొడుతుంది. మొదటి ముద్దాయి సాలెగూడు, రెండోది లెన్సు మీద దుమ్ము, మూడోది పక్కనున్న గోడ అంచో చూరో. కిటికీ అద్దం వెనక పెట్టిన కెమెరాకైతే రాత్రి అద్దం తప్ప ఏమీ కనిపించదు, వేడి సెన్సర్ కూడా అద్దం అవతల పనిచేయదు. కాబట్టి లోపల పెట్టి బయట చూద్దామన్న ఆలోచన మానుకోండి, తప్పనిసరైతే ఇన్‌ఫ్రారెడ్ ఆపేసి బయట ఒక బల్బు వెలిగేలా చూసుకోండి.

ఇన్‌ఫ్రారెడ్‌లో 850 నానోమీటర్లవి చీకట్లో సన్నగా ఎర్రగా కనిపిస్తాయి, ఎక్కువ దూరం వెళ్తాయి. 940వి కంటికి కనిపించవు, దూరం తక్కువ. ఇంటికి మొదటివే మేలు. దొంగకి కెమెరా కనిపించడంలో తప్పేమీ లేదు, కొంతమంది దాన్ని చూసే వెనక్కి పోతారు. అంతకన్నా మంచిది, మనిషి రాగానే వెలిగే దీపం. రంగుల్లో బొమ్మ వస్తుంది, చొక్కా ఏ రంగో తెలుస్తుంది, నలుపు తెలుపులో ఆ సంగతి చెప్పలేం.

వానకి తట్టుకుంటుందని ఎలా తెలుస్తుంది?

కెమెరా వివరాల్లో ఐపీ అన్న అక్షరాల తర్వాత ఉండే రెండంకెలు చూడండి. మొదటిది దుమ్ముకి, రెండోది నీళ్లకి. 65 అంటే దుమ్ము చొరదు, నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది, చూరు కింద అది చాలు. నేరుగా వానకి తగిలే చోట 66 లేదా 67 తీసుకోండి. కెమెరా తట్టుకున్నా దాని అడాప్టర్ తట్టుకోదని చాలామంది మర్చిపోతారు, ప్లగ్గు లోపలే ఉండాలి. వైరు గోడలోకి వెళ్లేచోట కిందకి ఒక వంపు తిప్పి వదిలితే నీటిచుక్క వైరు వెంట లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

వీడియో ఎక్కడ దాచాలి? మెమరీ కార్డా, క్లౌడా?

వీలైతే రెండూ. కార్డు మాత్రమే ఉంటే దొంగ కెమెరాని పీక్కుపోయినప్పుడు సాక్ష్యం కూడా వాడితోనే వెళ్తుంది. క్లౌడ్ మాత్రమే ఉంటే నెట్ పోయిన గంటలో జరిగింది ఏదీ ఉండదు.

ఎంత చోటు పడుతుందో లెక్క చూద్దాం. 1080పీ వీడియో సెకనుకి సుమారు 2 మెగాబిట్ల చొప్పున నడిస్తే, రోజంతా రికార్డింగుకి 21.6 గిగాబైట్లు. 128 జీబీ కార్డులో దాదాపు 6 రోజులు పడుతుంది, నిండాక పాతవి చెరిపి కొత్తవి రాసుకుంటుంది. హెచ్.265 పద్ధతిలో కుదించే కెమెరా అయితే, పాత హెచ్.264తో పోలిస్తే దాదాపు సగం చోటులో సరిపెడుతుంది. అదే నాలుగు కెమెరాలు రోజంతా క్లౌడ్‌కి పంపితే మీ అప్‌లోడ్‌లో 8 మెగాబిట్లు ఎప్పుడూ వాటికే పోతాయి, రోజుకి 86 గిగాబైట్లు ఖర్చు. డేటాకి హద్దున్న కనెక్షన్ అయితే ఇది చూసుకోవాలి. అందుకే చాలామందికి సరిపడే పద్ధతి, రోజంతా కార్డులో, కదలిక ఉన్న క్లిప్పులు మాత్రం క్లౌడ్‌లో.

ఫోన్లలో వేసే మామూలు కార్డులు పగలూ రాత్రీ రాస్తూ ఉంటే త్వరగా చచ్చిపోతాయి, అవి చచ్చిపోయిన సంగతి కొన్ని కెమెరాలు మీకు చెప్పను కూడా చెప్పవు. హై ఎండ్యూరెన్స్ అని రాసున్నవి కొనండి. నెలకోసారి పాత వీడియో ఒకటి తెరిచి చూడండి, లైవ్ రావడం వేరు, రికార్డవడం వేరు.

సబ్‌స్క్రిప్షన్ గురించి ఒక మాట. డబ్బు కట్టకపోతే ఏమేం పోతాయో కొనేముందే చదవండి. కొన్నిటిలో లైవ్ తప్ప ఇంకేమీ మిగలదు, కొన్నిటిలో మనిషినీ కుక్కనీ వేరుచేసి చెప్పే సదుపాయం పోతుంది. నాలుగేళ్లకి ఎంతవుతుందో లెక్కేసి కెమెరా ధరకి కలిపితే, చవక అనుకున్నది చాలాసార్లు చవక కాదు.

కరెంటు పోతే? నెట్ పోతే?

నెట్ పోయినా రౌటర్, కెమెరా వెలుగుతూ ఉంటే కార్డులో రికార్డు అవుతూనే ఉంటుంది, ఫోన్‌కి కబురు మాత్రం రాదు. కరెంటు పోతే ప్లగ్గు కెమెరా ఆగిపోతుంది. బ్యాటరీ కెమెరా బతికే ఉన్నా రౌటర్ చచ్చిపోయింది కాబట్టి అది ఎవరికీ చెప్పలేదు. రౌటర్‌కి, కెమెరాకి కలిపి చిన్న యూపీఎస్ పెడితే కొన్ని గంటలు గట్టెక్కుతాయి. రెండూ తాగే కరెంటు చాలా తక్కువ. మెయిన్ స్విచ్ బోర్డు ఇంటి బయట ఉందా? అయితే కెమెరా ఆపడం ఎంత తేలికో మీకు అర్థమయ్యే ఉంటుంది, దానికి తాళం వేయండి.

జామర్ పెట్టి వైఫైని ఆపేస్తారట, నిజమేనా?

నిజమే, సాధ్యమే. పూర్తిగా అడ్డుకునే ఉపాయం వైఫైలో లేదు. డబ్ల్యూపీఏ3 భద్రత ఉన్న రౌటర్, కెమెరా వాడితే, కెమెరాని నెట్‌వర్క్ నుంచి దొంగ సందేశాలతో తోసేసే పాత కిటుకు పనిచేయదు, కానీ రేడియోనే ముంచేసే జామర్ ముందు అదీ ఆగదు. కార్డులో రికార్డు చేసే కెమెరాకి మాత్రం జామర్ వల్ల రికార్డింగ్ ఆగదు. ముఖ్యమైన ఒక్క చోట, ముఖ్యంగా వీధి గుమ్మం మీద, ఈథర్నెట్ కేబుల్ ద్వారానే కరెంటు కూడా తీసుకునే కెమెరా ఒకటి పెట్టగలిగితే దానికి ఏ జామర్ భయమూ లేదు. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది.

రోజంతా నోటిఫికేషన్లే, ఆకు కదిలినా మోగుతోంది. ఏం చేయాలి?

దీన్ని మొదటి వారంలోనే సరిచేయండి, లేకపోతే విసుగొచ్చి మొత్తం ఆపేస్తారు, ఆ తర్వాత కెమెరా ఉన్నా లేనట్టే. యాప్‌లో యాక్టివిటీ జోన్ అని ఉంటుంది, అందులో వీధి, చెట్టు కొమ్మ, ఆరేసిన బట్టలు వచ్చే భాగాలు తీసేసి మీ గేటు లోపలి భాగం మాత్రమే ఉంచండి. మనుషులకి మాత్రమే మోగే ఎంపిక ఉంటే అది పెట్టండి. ఇంట్లో అందరూ మెలకువగా ఉండే గంటల్లో ఆపేసి, రాత్రికి, ఇల్లు ఖాళీగా ఉన్నప్పటికి మాత్రమే మోగేలా వేళలు పెట్టుకోండి. రికార్డింగ్ మాత్రం ఎప్పుడూ నడవనివ్వండి.

యాప్ కెమెరాని కనిపెట్టట్లేదు, ఎన్నిసార్లు చేసినా అంతే.

పదికి తొమ్మిదిసార్లు ఇది బ్యాండ్ గొడవే. కెమెరాకి 2.4 తప్ప తెలియదు, మీ ఫోన్ 5 మీద ఉంటుంది, రౌటర్ రెండిటికీ ఒకే పేరు పెట్టి ఉంటుంది. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి కాసేపు 5ని ఆపండి, కెమెరా కలిశాక మళ్లీ ఆన్ చేయండి. అలాగే ఫోన్లో వీపీఎన్, మొబైల్ డేటా ఆపండి, యాప్ అడిగే లొకేషన్, లోకల్ నెట్‌వర్క్ అనుమతులు ఇవ్వండి, సెటప్ అయ్యాక లొకేషన్ తీసేయొచ్చు. రౌటర్ డబ్ల్యూపీఏ3 మీద మాత్రమే ఉంటే పాత కెమెరాలు కలవవు, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపిన పద్ధతికి మార్చండి.

మొదటి సెటప్ రౌటర్ పక్కనే కూర్చుని చేసి, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కూడా అక్కడే పూర్తి చేసి, అప్పుడు గోడ దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడికెళ్లాక మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటే, పొడవాటి సన్న యూఎస్‌బీ వైరుని అనుమానించండి. దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలగగానే కెమెరా ఆగిపోయేది అందుకే.

తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో తప్పక చూడండి. గంట తేడా ఉన్న వీడియో సాక్ష్యంగా పెట్టినప్పుడు లేనిపోని ప్రశ్నలు వస్తాయి.

ఎవరైనా హ్యాక్ చేసి మా ఇంట్లోకి చూస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

ఆ టెన్షన్‌లో అర్థముంది. 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లని పట్టుకుని సైన్యంలా వాడుకుంది. దాని దగ్గరున్నదల్లా అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటితోనే, వెబ్‌సైట్ల పేర్లకి నెట్‌లో చిరునామా చూపించే డిన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటలపాటు అందలేదు. ఆ కెమెరాల యజమానులకి తమ కెమెరా అందులో ఉందని తెలియను కూడా తెలియదు.

మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, కానీ అన్నీ చేయాలి. కెమెరా ఖాతాకి ఇంకెక్కడా వాడని పొడవాటి పాస్‌వర్డ్, రెండంచెల లాగిన్. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. రౌటర్లో యూపీఎన్‌పీ (పరికరాలు బయటికి దారులు తమంతట తామే తెరుచుకునే సదుపాయం) ఆపండి, కెమెరా కోసం పోర్టులు (ఆ దారులు) తెరవమని ఎవరు చెప్పినా తెరవకండి. బయటినుంచి నేరుగా చూడాలంటే ఇంటికి వీపీఎన్ (మీకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి) పెట్టుకోవడం ఉత్తమం. కెమెరాల్ని రౌటర్లో అతిథుల కోసం విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌లో పెడితే, అందులో ఒకటి చెడినా మీ కంప్యూటర్ దాకా రాదు. కొన్ని గెస్ట్ నెట్‌వర్కుల్లో పరికరాలు ఒకదానికొకటి కనిపించవు కాబట్టి, మీకు విడి రికార్డర్ ఉంటే దాన్నీ కెమెరాల్నీ మాట్లాడుకోనిచ్చే ఏర్పాటు చూసుకోండి.

కంపెనీ వైపు పొరపాటు జరిగితే మన పాస్‌వర్డ్ ఏమీ చేయలేదు. 2024 ఫిబ్రవరిలో కెమెరాలమ్మే వైజ్ కంపెనీ సేవలు ఆగి మళ్లీ మొదలైనప్పుడు, సుమారు 13 వేల మందికి వేరేవాళ్ల కెమెరాల బొమ్మలు కనిపించాయి. అందుకే నా పట్టుదల ఒకటుంది, పడకగదిలో, స్నానాల గది వైపు, పిల్లల గదిలో ఇంటర్నెట్‌కి కలిసే కెమెరా పెట్టకండి. హాల్లో పెట్టినదానికి మీరు ఇంట్లో ఉన్నప్పుడు లెన్సు మూసుకునే మూత ఉంటే మేలు, లేదా స్మార్ట్ ప్లగ్గుతో కరెంటే తీసేయండి.

కొనేముందు భద్రతా అప్‌డేట్లు ఎన్నాళ్లిస్తారో చూడండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఈ సంగతి చెప్పడం, తేలిగ్గా ఊహించగల డీఫాల్ట్ పాస్‌వర్డులు పెట్టకపోవడం చట్టప్రకారం తప్పనిసరి. మీరున్నచోట చట్టం లేకపోయినా, కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ తేదీ కనిపించకపోతే నేనైతే ఆ కెమెరా కొనను.

పక్కింటివాళ్లు అభ్యంతరం చెబితే?

వాళ్ల కిటికీ, గుమ్మం, పెరడు మీ బొమ్మలో పడుతున్నాయా చూడండి, పడితే కెమెరా తిప్పండి. తిప్పలేకపోతే ప్రైవసీ మాస్క్ పెట్టి ఆ భాగాన్ని నల్లగా మూసేయండి, మూసిన బొమ్మ వాళ్లకి ఒకసారి ఫోన్లో చూపిస్తే గొడవ అక్కడితో ఆగుతుంది. సొంత ఇంటి కెమెరా అయినా రోడ్డు లాంటి బహిరంగ స్థలాన్ని రికార్డు చేస్తే, అది కేవలం ఇంటి వ్యవహారం అనిపించుకోదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2014 డిసెంబర్ 11న తీర్పిచ్చింది. ఒక్కో దేశంలో నిబంధన ఒక్కోలా ఉంటుంది, మాటల రికార్డింగ్ మీద చాలాచోట్ల ఇంకా గట్టి షరతులున్నాయి, కాబట్టి బయటి కెమెరాల్లో ఆడియో ఆపేయడం క్షేమం.

ఇంట్లోవాళ్ల గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకి, పని చేయడానికి వచ్చేవాళ్లకి, వచ్చిన చుట్టాలకి లోపల కెమెరా ఉన్న సంగతి ముందే చెప్పాలి. తెలియకుండా చూడటం భద్రత కిందికి రాదు. యాప్ ఎవరెవరి ఫోన్లలో ఉందో కూడా ఏడాదికోసారి చూసుకుని, అక్కర్లేని పేర్లు తీసేయండి.

వేర్వేరు కంపెనీల కెమెరాలు కలిపి ఒకేచోట చూడొచ్చా?

ఆన్విఫ్ అని రాసుంటే చాలావరకు కుదురుతుంది. యాక్సిస్, బాష్, సోనీ కలిసి 2008లో మొదలుపెట్టిన ఉమ్మడి పద్ధతి ఇది. బ్యాటరీ కెమెరాల్లో ఇది సాధారణంగా ఉండదు, వాటి యాప్‌లోనే చూసుకోవాలి. రేపు కంపెనీ క్లౌడ్ మూసేసినా ఆన్విఫ్ కెమెరా మీ సొంత రికార్డర్‌తో పనిచేస్తూనే ఉంటుంది. అందుకే రెండు కెమెరాలు ఒకే ధరలో ఉంటే నేను అది ఉన్నదానివైపే మొగ్గుతాను.

ఏదైనా జరిగితే వీడియోని ఏం చేయాలి?

వెంటనే డౌన్‌లోడ్ చేయండి, ఆ ముందూ వెనకా అరగంట కలిపి. కార్డు తిరగరాసుకుంటుంది, క్లౌడ్ గడువు తీరిపోతుంది, రెండ్రోజులాగితే మిగలకపోవచ్చు. అసలు ఫైలుని అలాగే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించుకుపోయి మొహంలో వివరం పోతుంది, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. టీవీ తెర మీద ఆడించి దాన్ని ఫోన్‌తో తీసిన కాపీని ఎవరికీ ఇవ్వకండి. ఇంకా పోలీసులు చూడకముందే ఆ మొహాన్ని గ్రూపుల్లో పెట్టొద్దు, పొరపాటున వేరే మనిషి అయితే అతనికి జరిగే నష్టం తిరిగి పూడ్చలేం.

తర్వాత ఏమైనా చూసుకుంటూ ఉండాలా?

నెలకోసారి మెత్తటి పొడిగుడ్డతో లెన్సు తుడవండి, సాలెగూడు తీయండి, చీకటి పడ్డాక ఒకసారి మీరే గేటు తీసుకుని లోపలికి నడిచి, ఆ వీడియోలో మీ మొహం గుర్తుపట్టేలా ఉందో లేదో చూడండి. మొక్కలు పెరిగి అడ్డం వస్తాయి, గాలికి కెమెరా కొంచెం తిరిగిపోతుంది, ఎవరూ గమనించరు.

పాత కెమెరాని అమ్మేముందు ఏం చేయాలి?

ముందు యాప్‌లోంచి ఆ కెమెరాని తీసేయండి, తర్వాత దాని మీదున్న బటన్ నొక్కి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, మెమరీ కార్డు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. ఖాతాలోంచి తీయకపోతే కొన్నవాళ్లు దాన్ని తమ పేర కలుపుకోలేరు, అంతకన్నా దారుణం, కొన్ని మోడళ్లలో వాళ్ల ఇల్లు మీ ఫోన్లో కనిపించే ప్రమాదముంది. మీరు పాత కెమెరా కొంటుంటే ఇదే పని అమ్మేవాళ్ల చేత మీ ఎదురుగా చేయించుకోండి.